కంటి కట్టు విప్పాక మనసు సంగతి ఎవరు అడుగుతారు?



షుగర్ వల్ల కంటి ఆపరేషను అయినవారు మన ఓ.పి.కి వచ్చినప్పుడు మేము అడిగే ప్రశ్నలు మీకు తెలిసినవే. చుక్కల మందు వేళకు వేస్తున్నారా? షుగర్ ఎంత ఉంది? బి.పి. మాత్ర వేసుకున్నారా? చార్టులో ఏ వరుస వరకు చదవగలుగుతున్నారు? ఇవన్నీ చీటీలో రాసి, "పదిహేను రోజులకు మళ్ళీ రండి" అని పంపిస్తాం. ఎన్నో ఏళ్ళు ఇదే పూర్తి సేవ అనుకున్నాం. ఇది సగం సేవ మాత్రమేనని ఇప్పుడు మా అభిప్రాయం. ఆ మిగతా సగం గురించే ఈ నెల రాస్తున్నాం.

మాకు ఈ సంగతి నేర్పింది ఒక పెద్దాయన. రెండెకరాల మిరప చేను చేసుకునే మనిషి. కంటి ఆపరేషను పెద్ద ఊళ్ళో బాగానే జరిగింది. రైలు దిగి మధిర వచ్చాక షుగర్ చూపించుకోవడానికి కోడలితో మన దగ్గరకు వస్తుండేవారు. ఎప్పుడు చూసినా షుగర్ మూడు వందలు దాటి ఉండేది. "ఏం తింటున్నావు పెద్దయ్యా? మళ్ళీ కన్ను పోగొట్టుకుంటావా?" అని మేమే నలుగురిలో గట్టిగా మందలించాం. ఆయన తల వంచుకుని కూర్చున్నారు. కోడలు మందుల కిటికీ దగ్గరకు వెళ్ళాక మెల్లగా అన్నారు, "అమ్మా, ఇన్సులిన్ సూది మీద గీతలు కనపడటం లేదు. ఆపరేషనుకు అంత ఖర్చు పెట్టాక కనపడటం లేదని కోడలితో ఎట్లా చెప్పను? అందాజాగా వేసుకుంటున్నా."

అందాజాగా ఇన్సులిన్! తక్కువ పడితే షుగర్ పెరుగుతుంది. ఎక్కువ పడితే రాత్రి నిద్రలోనే ప్రాణం మీదికి రావచ్చు. తిండి గురించి అడిగాం, మందు గురించి అడిగాం. "సూది మీద గీత కనబడుతుందా? ఇంట్లో ఎట్లా ఉంది? మనసు ఎట్లా ఉంది?" అని ఒక్కసారి కూడా అడగలేదు. ఆ రోజు సిగ్గుపడవలసింది ఆయన కాదు, మేము.

ఈ జబ్బు నడక తెలిస్తే మందలింపు ఎంత అన్యాయమో అర్థమవుతుంది. కంటి వెనుక ఉండే రెటీనా పొరలో సన్నని రక్తనాళాలు ఉంటాయి. ఏళ్ళ తరబడి షుగర్ ఎక్కువగా ఉంటే అవి దెబ్బతిని కారతాయి. తరువాత బలం లేని కొత్త నాళాలు పుట్టి, ఒకరోజు చిట్లి కంటి లోపల రక్తం నిండుతుంది. అంతవరకు చాలామందికి నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, చూపు కూడా బాగానే ఉంటుంది. "ఇన్నాళ్ళు ఏం చేస్తున్నావు? ముందే ఎందుకు రాలేదు?" అని అడగడం తేలిక. ఏ బాధా లేని కన్ను చూపించుకోవాలని ఎవరికి తోస్తుంది?

2023 జనవరి 18న మన ఖమ్మంలోనే కంటి వెలుగు రెండవ విడత మొదలైంది. ఊరూరా శిబిరాలు జరిగి ఎందరికో కళ్ళద్దాలు వచ్చాయి. మంచి పనే. కాని "అద్దాలు వచ్చాయి, ఇక కంటికి భయం లేదు" అనుకున్న షుగర్ రోగులు మాకు తారసపడుతున్నారు. అద్దాల పరీక్ష వేరు, పాపను పెద్దది చేసే చుక్కలు వేసి రెటీనాను చూసే పరీక్ష వేరు. షుగర్ ఉన్నవారికి ఆ రెండవది ఏడాదికి ఒకసారైనా కావాలి. మన దేశంలో పది కోట్లమందికి పైగా షుగర్ ఉందని 2023లో ఐ.సి.ఎం.ఆర్. అధ్యయనం తెలిపింది. నలభై ఏళ్ళు దాటిన షుగర్ రోగులలో సుమారు ఎనిమిది మందిలో ఒకరికి రెటీనా దెబ్బతిన్నదని 2022లో వెలువడిన మరొక అధ్యయనం చెప్పింది. అంటే ఇది ఏ ఒక్కరో జిహ్వచాపల్యంతో తెచ్చుకున్న శిక్ష కాదు. షుగర్ వచ్చి ఎన్నేళ్ళయింది, బి.పి. ఎంత, మూత్రపిండాలు ఎట్లా ఉన్నాయి, ఇవన్నీ కారణాలే. తిండిలో జాగ్రత్త తప్పక కావాలి. కాని పాటించినవారిలోనూ కొందరికి ఈ జబ్బు వస్తుంది.

"మందలించకపోతే మాట వింటారా సిస్టర్? ప్రేమ ఉండబట్టే తిడుతున్నాం" అని ఇంటివాళ్ళు అంటారు. ఆ ప్రేమను మేము కాదనం. కాని వార్డులో మేము చూసింది చెబుతున్నాం. తిట్లు తిన్న మనిషి తినడం మానడు, దాచుకుని తినడం నేర్చుకుంటాడు. షుగర్ పరీక్షకు రావడం మానేస్తాడు. కనపడకపోయినా కనపడుతుందంటాడు. దిగులు, భయం పెరిగినప్పుడు ఒంట్లో ఊరే రసాయనాలు కూడా షుగరును పెంచుతాయి. షుగర్ ఉన్నవారిలో మనోవ్యాకులత షుగర్ లేనివారితో పోలిస్తే సుమారు రెట్టింపు అని వైద్యులు ఎప్పుడో గుర్తించారు. దాని మీద చూపు భయం కూడా చేరితే ఎంత బరువో ఆలోచించండి.

యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయం మన సంఘాలలో ఎన్నోసార్లు చదివిందే. పుట్టు గ్రుడ్డివాణ్ణి చూసి, ఇది ఎవరి పాపం, ఇతనిదా, తల్లిదండ్రులదా అని శిష్యులు అడిగారు. ప్రభువు ఆ లెక్కలోకి వెళ్ళనే లేదు. ఆ మనిషికి చేయవలసిన మేలు చేశాడు. మనం మాత్రం ఇప్పటికీ శిష్యుల ప్రశ్న దగ్గరే ఆగిపోయాం.

ఇక సంఘానికి ఒక మాట. పరామర్శకు వెళ్ళేవారు అడిగే మొదటి ప్రశ్న "చూపు వచ్చిందా?" రెండవది "ఆదివారం సాక్ష్యం ఎప్పుడు చెబుతారు?" మంచి మనసుతోనే అడుగుతారు. కాని ఈ ఆపరేషను శుక్లాల ఆపరేషను వంటిది కాదు. విట్రెక్టమీలో కంటి లోపలి జిగురు పదార్థాన్ని, అందులో చేరిన రక్తాన్ని తీసివేస్తారు. కొందరికి గాలి బుడగ గాని, సిలికాన్ నూనె గాని నింపుతారు. నూనెను చాలామందికి కొన్ని నెలల తరువాత మరో ఆపరేషనుతో తీయవలసి వస్తుంది. చూపు వారాల మీద, నెలల మీద మెల్లగా వస్తుంది. కొందరికి పూర్తిగా రాదు. ఉన్నది పోకుండా నిలబెట్టడమే కొన్నిసార్లు ఆ ఆపరేషను ఉద్దేశం. అటువంటి మనిషిని "ఇంకా రాలేదా?" అని అడిగితే, తన ప్రార్థనలో లోపం ఉందనో, విశ్వాసం చాలదనో కుమిలిపోతాడు. చివరికి గుడికి రావడమే మానేసినవారు ఉన్నారు. బేత్సయిదాలో ప్రభువు ముట్టిన మనిషికి కూడా మొదటిసారి అంతా మసకగానే కనబడింది, మనుషులు నడిచే చెట్లలాగ తోచారు. ఆయన ఆ మనిషిని తొందరపెట్టలేదు, తప్పు పట్టలేదు, రెండవసారి చెయ్యి వేశాడు. మసక చూపుతో ఉన్నవారి పట్ల మనకూ ఆ ఓపిక ఉండాలి.

మరొక సంగతి చాలా ఇళ్ళలో దాచిపెడుతున్నారు. చూపు బాగా తగ్గిన కొందరికి లేనివి కనబడతాయి. పూలు, గళ్ళు, చిన్న చిన్న మనుషులు, జంతువులు. శబ్దం ఉండదు, ఉత్త బొమ్మలే. పిచ్చి పట్టిందని వారు వణికిపోతారు. ఇంట్లోవారు గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు, లేదా దయ్యం వెళ్ళగొట్టమని పాస్టరు గారిని పిలుస్తారు. ఇది దయ్యమూ కాదు, పిచ్చీ కాదు. స్విట్జర్లాండుకు చెందిన షార్ల్ బొన్నే 1760లోనే తన తాతగారికి ఇట్లా కనబడుతున్న సంగతి రాసిపెట్టాడు. ఆయన పేరే దీనికి పెట్టారు. కంటినుంచి అందవలసిన బొమ్మలు అందకపోతే మెదడు తనంతట తానే బొమ్మలు అల్లుకుంటుంది. ఈ ఒక్క మాట చెప్పగానే ఎందరి ముఖంలోనో భయం దిగిపోవడం మేము చూశాం. బొమ్మలతోపాటు మాటలు కూడా వినిపిస్తున్నా, మనిషి తికమకగా ఉన్నా అది వేరే సంగతి, వెంటనే డాక్టరుకు చెప్పాలి.

మరి ఏం చేయాలి? మా వంతుతోనే మొదలుపెడతాం. ఇకపై కంటి ఆపరేషను అయినవారు ఎవరు వచ్చినా నర్సులు రెండు ప్రశ్నలు తప్పక అడగాలన్నది మా మాట. గత రెండు వారాలలో దేనిమీదా ఇష్టం లేకుండా ఉందా? దిగులుగా, నిరాశగా ఉందా? అవి అడగడానికి రెండు నిమిషాలు చాలు. రద్దీ ఎంత ఉన్నా ఆ రెండు నిమిషాలు దొరకవని మేము ఇక అనము. సూది గీత చదవగలరో లేదో మా కళ్ళ ముందే చేయించి చూస్తాం. మందలింపు నలుగురిలో ఉండదు.

ఇంటివారు చేయవలసినవి కూడా పెద్ద పనులేమీ కావు. బోర్లా పడుకోమని, తల వంచి కూర్చోమని డాక్టరు చెప్పిన రోజులు చాలా కష్టమైనవి. మెడ నొప్పి, నడుము నొప్పి, ఎవరి ముఖమూ కనబడదు. అప్పుడు పైనుంచి మాట్లాడకండి. పక్కన చిన్న పీట వేసుకుని కూర్చోండి. మీ గొంతు వారి చెవి దగ్గర వినబడాలి. రేడియో పెట్టండి, వాక్యం చదివి వినిపించండి, చేను కబుర్లు చెప్పండి. కంటిలో గాలి బుడగ ఉన్నంతకాలం విమానం ఎక్కకూడదు, ఎత్తైన కొండలకు వెళ్ళకూడదు. వేరే ఆపరేషను ఏది చేయించుకున్నా ఆ సంగతి ముందే చెప్పాలి. నొప్పి ఎక్కువైనా, ఎరుపు పెరిగినా, చీము కారినా, చూపు ఒక్కసారిగా తగ్గినా, కంటికి తెర అడ్డం వచ్చినట్టున్నా తెల్లవారేదాకా ఆగవద్దు.

చేయగల పని వారి చేతిలోంచి లాక్కోకండి. డాక్టరు ఒప్పుకున్నాక పెద్దాయన తాడు పేనగలిగితే పేననివ్వండి, పెద్దమ్మ చింతపండు గింజ తీయగలిగితే తీయనివ్వండి. "నువ్వు కూర్చో, నీకు కనపడదు" అనే మాట రోజుకు పదిసార్లు వింటే ఎవరికైనా బతుకు మీద ఆశ పోతుంది. చూపు తిరిగి రానివారికి కూడా దారి ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో పూర్తి అంధత్వమే కాదు, తక్కువ చూపు కూడా చేరి ఉంది. కంటి డాక్టరును అడిగి ధ్రువపత్రం సంగతి తెలుసుకోండి.

"ఇక బతికి ఏం లాభం" అనే మాట ఎవరి నోట వచ్చినా అది ముసలితనపు సణుగుడు అని వదిలేయకండి. ఒంటరిగా ఉంచకండి, ఆ రోజే తీసుకురండి. రాలేకపోతే ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేయండి. పగలైనా రాత్రైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు.

ఆ పెద్దాయన సంగతి చెప్పి ముగిస్తాం. ఆ రోజు కోడలిని లోపలికి పిలిచి ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం. ఆమె కన్నీళ్ళు పెట్టుకుని, "నన్ను అడగడానికి నీకు మొహమాటమా మామయ్యా?" అంది. ఇప్పుడు సూదిలో మందు ఆమె నింపుతుంది, పొడుచుకోవడం ఆయనే చేసుకుంటారు. షుగర్ రెండు వందల లోపుకు దిగింది. చార్టులో ఆయన చదివే వరుస ఏమీ మారలేదు. కాని ఇప్పుడు ఓ.పి.కి వస్తే తల ఎత్తి మాట్లాడుతున్నారు. మా లెక్కలో అది కూడా కోలుకోవడమే.

ఈ వారం మీ వీధిలో కంటి ఆపరేషను అయినవారు ఎవరైనా ఉంటే వెళ్ళండి. చూపు సంగతి కాక మనసు సంగతి అడగండి. ప్రభువు మీ గృహాలను దీవించును గాక.