కోపం రావాలంటే తల్లే కావాలా?

మన సినిమాల్లో మగాడికి పగ పట్టడానికి ఏదైనా చాలు. అన్న పోయినా, పొలం పోయినా, నడివీధిలో ఎవడైనా కాలర్ పట్టుకున్నా సరే. ఆడదానికి మాత్రం ఒళ్లో బిడ్డ ఉండాలి.

2017నే తీసుకోండి. ఏప్రిల్‌లో 'మాతృ', జూలైలో 'మామ్'. రెండూ ఢిల్లీ కథలే, రెండింటిలోనూ నాయిక టీచరే. 'మాతృ'లో రవీనా టాండన్ పాత్ర మీద, కూతురి మీద కలిసే అత్యాచారం జరుగుతుంది. కూతురు చనిపోతుంది. తల్లి బతికి, ఆ మృగాలను వేటాడుతుంది. తన ఒంటికి జరిగిన ఘోరమొక్కటే ఆమె చేతికి ఆయుధం ఇవ్వడానికి చాలదా? పోస్టర్ మీద పేరు చూస్తే చాలదనే తెలుస్తోంది.

'మామ్' ఇంకా గడుసుది. శ్రీదేవి నటనతో నాకు పేచీ లేదు, మరణానంతరం ఇచ్చిన ఆ జాతీయ అవార్డు ఆమెకు దక్కాల్సిందే. పేచీ కథతో. ఆమె పాత్ర దేవకి సవతి తల్లి. సవతి కూతురు ఆర్య ఆమెను ఇంట్లో కూడా మేడమ్ అనే పిలుస్తుంది. ఆర్య మీద అత్యాచారం చేసిన నిందితులను కోర్టు వదిలేస్తే, ఈ బయాలజీ టీచరు యాపిల్ గింజలు నూరి ఒకడి తిండిలో కలుపుతుంది. మిగతావాళ్ల పనీ పడుతుంది. ఇంతా చేశాక సినిమా ఆమెకిచ్చే బహుమతి, ఆర్య నోట 'మామ్' అన్న పిలుపు! దాడి జరిగింది ఎవరి మీదండీ? ఆ పిల్ల కోపం ఏమైంది? ఆమె గాయాన్ని సవతి తల్లికి పెట్టిన పరీక్షగా మార్చేశారు, ఆ పరీక్ష పాసైందని మనమంతా కళ్లు తుడుచుకున్నాం.

'కహానీ'లో విద్యాబాలన్ దొంగ కడుపు కట్టుకుని కలకత్తా పోలీసులను ఆడించింది. గర్భిణి అనగానే కరిగిపోయే లోకం మీద అంత చక్కటి దెబ్బ మరొకటి చూడలేదు. కానీ ఆ కథ కూడా చివరికి, భర్తతోపాటు కడుపులో బిడ్డనూ పోగొట్టుకుందని చెప్పి మనల్ని ఒప్పించుకుంటుంది. దాని తెలుగు రీమేక్ 'అనామిక'లో ఆ కడుపూ లేదు, నయనతార భర్తను వెతికే భార్యగా మిగిలింది.

ఇక మన 'బాహుబలి' దేవసేన! ఇరవై అయిదేళ్లు గొలుసుల్లో ఉండి భల్లాలదేవుడి చితికి పుల్లలు ఏరింది. వాణ్ణి కొట్టి పడగొట్టడానికి మాత్రం కొడుకు రావాలి.

పెళ్లి కాని, పిల్లల్లేని నలభై ఏళ్ల మనిషి తన కోసం తాను కత్తి పడితే ఏ నిర్మాత డబ్బు పెడతాడు? పెట్టినా, ఇంటర్వెల్ తర్వాత ఫ్లాష్‌బ్యాక్‌లో ఆమెకో చచ్చిపోయిన బిడ్డను పుట్టించకుండా ఊరుకుంటాడా?