పేదోడి కోపం పెదవికే చేటా?

పేదవాడి కోపం పెదవికి చేటు అనే సామెత మన వాడల్లో పుట్టి ఉండదు. మన కోపం చూసి జడిసినవాళ్లెవరో పుట్టించి మన నోట్లో పెట్టి ఉంటారు. పంతుళ్లం గనక ఇందులో మా వంతు పాపమూ ఉంది. కోపం శత్రువని చెప్పే సుమతీ శతక పద్యాన్ని ఇరవై ఏళ్లుగా పిల్లల చేత వల్లె వేయిస్తున్నాం. ఎవరి మీద కోపం, ఎందుకొచ్చింది కోపం అని ఒక్కరోజన్నా అడిగామా?

ఈ మాట ఇప్పుడెందుకంటే, మా బళ్లో చదివి జీఎన్ఎం నర్సింగులో చేరిన పిల్ల ఒకతె కిందటి సంక్రాంతికి ఇంటికొచ్చింది. వాళ్లమ్మ "ఇంకో ముద్ద తినవే" అన్నందుకు కంచం విసిరికొట్టింది. నాన్న చెయ్యెత్తాడు. ఇరుగుపొరుగు గాలి సోకిందన్నారు. పాస్టరుగారు ప్రార్థన చేసి పోయారు. మూడోరోజు మా ఇంటి అరుగు మీద కూచుని ఆ పిల్ల అసలు సంగతి చెప్పుకొచ్చింది.

వార్డులో బెడ్‌పాన్లు తియ్యడం వంతులవారీగా అందరికీ రావాలి. ఈ పిల్లకీ, తండా నుంచి వచ్చిన ఇంకో పిల్లకీ మాత్రం వరసాగ్గా వస్తుంది. అదేమంటే "మీకలవాటేగా" అంటుందట ఇన్‌ఛార్జి. రాత్రి డ్యూటీ దిగి, మొహం కడుక్కుని తిన్నగా క్లాసులో కూచోవాలి. కునుకు తీస్తే నిలబెడతారు. రోగుల తాలూకు మనుషులు సెలైను పెట్టించుకుంటూనే "మీరేమిటోళ్లమ్మా?" అని ఆరా తీస్తారు. వీటన్నిటి మీదా ఫీజు రీయింబర్స్‌మెంటు రాలేదని హాల్‌టిక్కెట్టు ఆపారు. వాళ్ల నాన్న మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టాడు. కూలికిపోయే మనిషికి ఆ అప్పు ఎప్పటికి తీరేను?

సరిగ్గా ఆ వారమే కాలేజీలో ఒత్తిడి తగ్గించుకోవడం మీద క్లాసు పెట్టారు. పట్నం నుంచి వచ్చిన మేడం కళ్లు మూసుకోమంది, ఊపిరి పీల్చి వదలమంది, కోపమొస్తే పది అంకెలు లెక్కపెట్టమంది. క్లాసు అయ్యి బయటికొచ్చేసరికి నోటీసుబోర్డు మీద ఫీజు కట్టనోళ్ల పేర్లు వేలాడుతున్నాయి. "పది కాదు సార్, లెక్కపెడితే ఇరవై మూడు వచ్చాయి" అంది మా పిల్ల.

మేము ఊపిరి సంగతిని ఎగతాళి చెయ్యడం లేదు. కోపమొచ్చినప్పుడు గుండె దడదడలాడుతుంది, చెయ్యి వణుకుతుంది. ఆ చేత్తో సూది గుచ్చితే రోగికి ముప్పు. నెమ్మదిగా ఊపిరి వదిలితే గుండె వేగం తగ్గేమాట నిజమే. నిద్ర చాలని మనిషికి చిన్నమాటకే చిర్రెత్తుతుందన్నదీ నిజమే. కానీ ఊపిరి ఆ నిమిషం గట్టెక్కిస్తుంది, అంతే. బెడ్‌పాన్ల వంతు మార్చదు, హాల్‌టిక్కెట్టు ఇప్పించదు. తప్పు కాలేజీదైతే వైద్యం పిల్లకా?

ఈ వృత్తిలోకి మన ఆడపిల్లలు ఎలా వచ్చారో ఒక్కసారి గుర్తు చేసుకుందాం. చీమూ నెత్తురూ ముట్టుకోవడం మైలని అగ్రకులాల ఇళ్లు మొహం తిప్పుకున్న రోజుల్లో మిషను ఆస్పత్రుల్లో నర్సు పనికి ముందుకొచ్చిన వాళ్లలో మన అమ్మమ్మలున్నారు. అంతకంటే పెద్ద ఉదాహరణ సావిత్రీబాయి ఫూలే. 1897లో పూనాలో ప్లేగు పడితే, ఆ జబ్బు పడ్డ అంటరాని కులపు పిల్లవాణ్ణి వైద్యానికి మోసుకొచ్చి, అదే ప్లేగు సోకి మార్చి 10న చనిపోయింది. మన పిల్లలకు ఆ పాఠం ఎవరు చెబుతున్నారు?

ఇక చేదు మాట ఒకటి. అత్త మీది కోపం దుత్త మీద తీర్చినట్టు, పైకి పోలేని కోపం కిందికి జారుతుంది. పక్క తడిపిందని ఒక ముసలమ్మ మీద తను గట్టిగా అరిచానని మా పిల్లే చెప్పింది. ఆ ముసలమ్మ మన పక్కూరి గూడెం మనిషేనని కేసు షీటు చూశాక తెలిసి బాత్రూములోకి పోయి ఏడ్చిందట. ఇన్‌ఛార్జి మీద రావలసిన కోపం ఎవరి మీద పడింది? ఆస్పత్రిలో నర్సులు కసురుతారని మనవాళ్లు చెప్పుకుంటారు. కసిరే నర్సుల్లో మన పిల్లలూ ఉన్నారు. అది దాచిపెడితే లాభం లేదు.

కిందికీ పోని కోపం లోపలికి పోతుంది. అది ఇంకా ప్రమాదం. 2019 మే నెలలో ముంబైలో పాయల్ తడ్వీ అనే ఆదివాసీ డాక్టరమ్మ సీనియర్ల కులవేధింపులకు తాళలేక ప్రాణం తీసుకుందని వాళ్లమ్మ కేసు పెట్టింది. డాక్టరు చదువు చదివిన పిల్లకే దిక్కులేకపోతే ఫస్టియరు నర్సింగు పిల్లకు ఎవరు దిక్కు?

1985లో కారంచేడులో మంచినీళ్ల చెరువు దగ్గర తన మీదికొచ్చినవాళ్లపై మున్నంగి సువార్త బిందె ఎత్తింది. దానికి పెత్తందార్లు పల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. ఆ కోపాన్ని ఆమె ఒక్కదానికే వదిలెయ్యకుండా వేలమంది మాదీ అన్నారు గనక దళిత మహాసభ పుట్టింది. మరి నర్సింగు హాస్టల్లో పిల్ల కోపాన్ని మాదీ అన్నదెవరు? మేము ఏళ్ల తరబడి సభలు పెడుతున్నాం, జైభీం అంటున్నాం. ఒక్క హాస్టలు గేటు దాకా పోయిన పాపాన పోలేదు. ఇంట్లో అయితే ఫోనులో మార్కులెన్ని, స్కాలర్‌షిప్పు పడిందా, ఈ రెండే అడుగుతాం. నిద్రపోతున్నావా, ఎవరన్నా ఏమన్నా అన్నారా అని అడగం.

ఆ పిల్లకు మేము చెప్పింది పెద్దదేమీ కాదు. ఒక నోటుపుస్తకం కొనిచ్చాం. ఎవరు, ఏ మాట, ఏ వార్డులో, ఎన్నింటికి, ఎవరు విన్నారు, ఆ పూటే రాసుకోమన్నాం. తండా పిల్లను జత చేసుకోమన్నాం. డోసు తప్పితే సిస్టరు తిట్టడం న్యాయం, అది పడాల్సిందే, ప్రతి తిట్టూ కేసు కాదు. పదిమందిలో కులం పేరుతో తిడితే మాత్రం 1989 అట్రాసిటీ చట్టం ఉంది. సీనియర్లు పీడిస్తే 1997 ర్యాగింగు నిషేధ చట్టం ఉంది. రాత్రిపూట మనసు మరీ చెదిరితే 14416కి ఫోను చెయ్యమన్నాం. అది 2022లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉచిత టెలీమానస్ నంబరు, తెలుగులోనే మాట్లాడతారు.

రెండు నెలల నోటుపుస్తకం పట్టుకుని వాళ్ల నాన్నా, మేము ఇద్దరం ప్రిన్సిపాలు గదికి పోయాం. మొదట కూర్చోమనలేదు. తేదీలు చదివి వినిపించాక కుర్చీలు వచ్చాయి. బెడ్‌పాన్ల వంతు ఇప్పుడు కాయితం మీద రాసి గోడకు అంటించారు. ఫీజు గొడవ తెగలేదు, దాని మీద కలెక్టరాఫీసులో అర్జీ పెట్టాం.

ఆ హాస్టల్లో రెండో ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా చుట్టాల్ని చూడనిస్తారు. ఈసారి మగవాళ్లం గేటు బయట ఉంటాం. లోపలికి పోయి పిల్లలతో మాట్లాడే అక్కలు కావాలి. బస్సు ఖర్చు సంఘానిది. వచ్చేవాళ్లు పొద్దున పదింటికల్లా అంబేద్కర్ బొమ్మ దగ్గరికి రండి. వీలైతే పచ్చడి సీసా ఒకటి తెండి, హాస్టల్లో కూర బాగోదట.