ఓడ బండెక్కిన సీమ

"తాగను నీళ్లు ల్యాకపోతే పడవ పందేలంటప్పా!"

మా ఊరి రచ్చబండ మీద కూర్చున్న ఒక పెద్దాయన అన్న మాట ఇది. మా కారు వెనుక సీటులో దుప్పటి చుట్టి, పసిపిల్లను పడుకోబెట్టినట్టు పడుకోబెట్టిన ఒక పడవను చూసి అన్నాడు. ఆయన మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. మాది అనంతపురం జిల్లా. సగటున ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. నైరుతి ఋతుపవనాన్ని పడమటి కనుమలు తమ వద్దే ఆపుకుంటాయి. ఈశాన్య ఋతుపవనం తూర్పు తీరం దాటి మా దాకా వచ్చేసరికి దాని సంచి ఖాళీ అయిపోతుంది. అటువంటి చోట రేడియోతో నడిచే పందెపు పడవను, అందునా అంగట్లో కొన్నది కాదు, ఒక నిపుణుడి చేత ప్రత్యేకంగా కట్టించుకున్నదాన్ని ఇంటికి తెచ్చుకోవడం ఎవరికైనా వేళాకోళంగానే తోస్తుంది.

అయినా నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పడవ కట్టించుకోవడమనేది నీళ్లున్నవారి కంటే నీళ్లు లేనివారికే ఎక్కువ అవసరమైన చదువు. ఇది వితండవాదంలా వినిపిస్తే కాస్త ఓపిక పట్టి చివరిదాకా చదవండి. ఆ తరువాత తిట్టినా భరిస్తాను.

అసలు కథ మా మేనల్లుడితో మొదలయింది. ఇంజనీరింగు చదువుతున్నాడు. రెండేళ్ల క్రితం మా చెరువుకు నీళ్లు వచ్చాయి. మరువ పారకపోయినా, కట్టకు సగం దాకా నిలిచాయి. వాడి ఆనందం పట్టలేక ఒక రెడీమేడ్ పడవను కొనుక్కొచ్చాడు. అట్టపెట్టె మీద బొమ్మలో అది నీలిరంగు నీటి మీద దూసుకుపోతోంది. మా చెరువు నీళ్లు ఎర్రమట్టి కలిపిన కాఫీ రంగు. నాలుగు చుట్లు తిరిగేసరికి మోటారును చల్లబరిచే సన్నని గొట్టంలో ఒండ్రు చేరింది. అయిదో చుట్టులో కాలిన వాసన. పడవ చెరువు నడుమ ఆగిపోయింది. చేపలు పట్టే కుర్రవాడొకడు ఈదుకుంటూ వెళ్లి దాన్ని తెచ్చిచ్చాడు.

ఆ పడవ చేసినవారిని నేను తప్పు పట్టను. వారు మా చెరువును చూడలేదు. నిజానికి వారు ఏ చెరువునూ చూడలేదు. పెట్టె మీది బొమ్మలో ఉన్న నీళ్ల కోసం పడవ చేశారు. అందరి నీళ్లకూ పనికొస్తుందని చేసిన వస్తువు ఏ ఒక్కరి నీళ్లకూ పూర్తిగా సరిపోదు.

ఆ పైన వాకబు చేస్తే, బెంగుళూరులో ఇటువంటి పడవలు కట్టే ఒకాయన ఉన్నాడని తెలిసింది. ఇంటి వెనుక రేకుల షెడ్డే ఆయన కార్ఖానా. అచ్చుకు మైనం పూసి, గాజునార గుడ్డ పరిచి, ఎపాక్సీ తడిపి, గుల్లను పొరలు పొరలుగా లేపుతాడు. ఎక్కువ బలం కావలసిన చోట కార్బన్ నార వేస్తాడు. కానీ గుల్లంతా కార్బన్‌తో చేస్తే అది రేడియో తరంగాలను అడ్డుకుంటుందట. అందుకే రిసీవరు ఆంటెనాను గొట్టంలోంచి పైకి తీయాలట. ఇవన్నీ చూసి మావాడు మురిసిపోయి, "అన్నా, అన్నిటికంటే వేగంగా పోయేది కట్టివ్వు" అన్నాడు.

ఆయన వేగం సంగతి ఎత్తలేదు. "ఏ నీళ్లల్లో వదుల్తారు సార్?" అని నన్నడిగాడు.

చెరువు అన్నాను. "ఎంత లోతు? అడుగున రాయా, ఒండ్రా? నాచు ఉందా? గాలి ఎటునుంచి కొడుతుంది? కట్ట ఏ వైపు? మీరు నిలబడేది ఎక్కడ? పడవ ఆగిపోతే పోయి తెచ్చేదెవరు?" వరుసగా అడుగుతూ పోయాడు. పుట్టి పెరిగిన ఊరి చెరువును గురించి ఆ ప్రశ్నల్లో సగానికి నా వద్ద జవాబు లేదు. ఏడవ తరగతి పరీక్షలో తెల్లకాగితం ఇచ్చి వచ్చిన రోజు మళ్లీ గుర్తుకొచ్చింది.

ఆ ప్రశ్నలు ఊరికే అడిగినవి కావు. పందెపు పడవలలో తీరులున్నాయి. రెండు పక్కల రెక్కల్లా తేలే దిమ్మెలున్న హైడ్రోప్లేను నీళ్లు అద్దంలా ఉంటే అందరినీ మించిపోతుంది. అల లేస్తే గాలిలోకి ఎగిరి తిరగబడుతుంది. అడుగు నాగటి కర్రులా కోసుగా ఉండే మోనో పడవకు వేగం కొంత తక్కువే కానీ, అలను చీల్చుకుని పోగలదు. మావాడు అడిగింది మొదటిది. మా ఆషాఢపు గాలి ఎటువంటిదో రామగిరి కొండల మీద తిరిగే గాలిమరలను అడిగితే చెబుతాయి. ఆయన మోనో తప్ప కట్టనని ఖండితంగా చెప్పాడు. పని తెలిసినవాడికీ అమ్మకందారుకూ ఉన్న తేడా నాకక్కడ కనిపించింది. అమ్మకందారు మనం అడిగింది ఇస్తాడు, నిపుణుడు వద్దని చెప్పగలడు.

మరో ప్రశ్న నన్ను ఇంకా ఆశ్చర్యపరిచింది. "ఎటువైపు తిరుగుతారు?" అమెరికా పోటీలలో పడవలు సాధారణంగా గడియారపు ముళ్ల దిశలో చుట్లు తిరుగుతాయట. అందువల్ల మలుపులో పడవ జారిపోకుండా పట్టుకునే చిన్న రేకును కుడివైపే బిగిస్తారు. తిరిగే దిక్కు ముందే తెలియకపోతే పడవ కట్టలేరన్నమాట! మా కట్ట చెరువుకు తూర్పున ఉంది. సాయంత్రం పడమటి ఎండ కళ్లలో పడి పడవ కనిపించదు. కనుక ఉదయమే, గాలి లేవకముందే నడపాలని అక్కడికక్కడే తేలింది.

నాలుగు నెలలకు పడవ తయారయింది. ముప్పై అంగుళాల పొడవు. ఒండ్రు నీటి కోసం గొట్టం లావు పెంచాడు. మోటారును చల్లబరిచి బయటికొచ్చే నీటిధారను పక్కకు తీసి, కట్ట మీద నిలబడినవాడికి కనబడేలా పెట్టాడు. "ఆ ధార ఆగిందా, వెంటనే పడవ ఆపేయండి సార్" అన్నాడు. బోల్తాపడితే ఎడమపక్కనున్న అర నీటితో నిండి, ఆ బరువుకు పడవ తనంతట తానే తిరగబడి నిలుస్తుంది. మునగకుండా ముక్కులో నురగ దిమ్మె. బ్యాటరీలను ముందుకూ వెనక్కూ జరుపుకునే వీలు ఉంది. పడవ పొడుగులో వెనుక నుంచి సుమారు 30 శాతం దగ్గర బరువు నిలవాలట. ముందుకు జరిగితే ముక్కు నీళ్లలో గుచ్చుకుంటుంది, వెనక్కు జరిగితే ముక్కెత్తి ఎగురుతుంది. ధర మాత్రం అడక్కండి. మా ఆవిడ కూడా ఈ రాతలు చదువుతుంది :)

ఈ పద్ధతి నాకు కొత్తగా అనిపించింది కానీ, మన నేలకు కొత్తది కాదు. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, ఆనెగొంది వద్ద తుంగభద్ర దాటించే గుండ్రని పడవలను గురించి రాశాడు. లోపల బెత్తపు అల్లిక, బయట తోలు. తిన్నగా పోలేవు, గిరగిరా తిరుగుతూ పోతాయి. పుట్టి అని, హరిగోలు అని మనం పిలిచేది దాన్నే. గంగానది పడవను చూసినవాడికి ఇదేమి బుట్ట అనిపిస్తుంది. కానీ తుంగభద్ర నిండా బండరాళ్లు. కోసు ముక్కున్న పడవ వాటికి కొట్టుకుని పగులుతుంది. అడుగు చదునుగా ఉన్న బుట్ట వాటి మీద నుంచి జారిపోతుంది. నీళ్లు తగ్గినచోట ఒక మనిషి వీపున వేసుకుని నడిచిపోగలడు. దాన్ని అల్లినవాడిని కూడా ఆ నది ముందుగా ఈ ప్రశ్నలే అడిగి ఉంటుంది. నేటికీ హంపి వద్ద ఆ తీరు పడవలు తిరుగుతున్నాయి. తోలుకు బదులు ప్లాస్టిక్ పట్టా, తారు వచ్చాయి, అంతే.

ఇంకొంచెం వెనక్కు పోదాం. మన భాషలో ఇల్లు కడతాం, పడవ కడతాం, చెరువూ కడతాం. మూడింటికీ ఒకటే క్రియ. పొరుగున కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు వద్ద 1369 నాటి శాసనం ఒకటుంది. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువును కట్టించాడు. రెండేళ్లపాటు రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు పనిచేశాయని అందులో ఉంది. అంతకన్నా విలువైన సంగతి, మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను ఆ శాసనం లెక్కపెట్టి చెబుతుంది. ధర్మపరుడైన రాజు ఎంత అవసరమో, జలశాస్త్రం తెలిసిన నిపుణుడు అంత అవసరం. నేల గట్టిదనం, నది దూరం, కట్ట రాతి తీరు అన్నీ ఆ జాబితాలోవే. నీళ్లు కొంచెమై ఆయకట్టు మిక్కిలి అయితే దోషం, నీళ్లు మిక్కిలియై భూమి కొంచెమైతే అదీ దోషమే. బెంగుళూరు రేకుల షెడ్డులో నేను విన్నది ఈ జాబితాకు చిన్న తమ్ముడే.

ఇక అసలు ఫలితం గురించి. పనివాడు అడిగిన లోతు ఎంతో తెలుసుకోవడానికి మేము ఊళ్లో చాలామందిని అడిగాము. సర్పంచుకు తెలియదు, బడిపంతులుకు తెలియదు. చివరకు ఒకప్పుడు నీరుగంటిగా పనిచేసిన ముసలాయన మంచం మీది నుంచి లేచి కూర్చుని చెప్పాడు: తూము దగ్గర ఎంత లోతు, పాతబావి మునిగిన చోటు ఎక్కడ, ట్రాక్టర్లతో మట్టి తోలుకుపోయిన గుంతలు ఎక్కడెక్కడ ఉన్నాయి. మావాడు కాగితం మీద గీసుకున్నాడు. "నన్ను ఈ మాట అడిగి ఎన్నేండ్లాయ నాయనా" అన్నాడాయన. ఆయన పోతే ఆ పటం ఆయనతోనే పోయేది. ఆటబొమ్మ కోసం గీసిన పటమే ఇప్పుడు మా ఊరికి ఉన్న ఒకే ఒక చెరువు పటం. దాని నకలు బడిలో గోడకు అతికించాము. గుంతలకు ఎర్రరంగు పూశాము.

ఎర్రరంగు ఎందుకో చెప్పాలి. 2017 ఏప్రిల్‌లో గుంతకల్లు మండలం ఎర్రతిమ్మరాజు చెరువులో సరదాకు ఎక్కిన పడవ బోల్తాపడి, పిల్లలతో సహా పదిమందికి పైగా చనిపోయారు. కరువు జిల్లాలో నీట మునిగి చావడం అంటే బయటివారికి వింతగా తోచవచ్చు. నాకు వింత కాదు. నీళ్లు ఏటా ఉండే చోట పిల్లలు నడకతోపాటు ఈత నేరుస్తారు, ఏ పడవలో ఎందరు ఎక్కవచ్చో కళ్లతోనే కొలుస్తారు. ఏ పదేళ్లకో ఒకసారి చెరువు నిండే చోట, అది పండగ. లోతు చూసేవాడుండడు, బరువు లెక్కించేవాడుండడు. ఇప్పుడు మా సీమకు కాలువ నీళ్లు కూడా వస్తున్నాయి. తుంగభద్ర ఎగువ కాలువ ఎప్పటినుంచో ఉంది. 2012లో మాల్యాల వద్ద హంద్రీ-నీవా ఎత్తిపోతలు మొదలయ్యాక కృష్ణ నీళ్లు జీడిపల్లి జలాశయం దాకా చేరాయి. సంతోషమే. కానీ నీళ్లు పంపులతో వస్తాయి. నీళ్లను గురించిన తెలివి పంపులతో రాదు. దాన్ని ఎవరికి వారు, వారి వారి చెరువు గట్టున నిలబడి సంపాదించుకోవలసిందే.

"ఆటబొమ్మకు ఇంత డబ్బా? ఆ డబ్బుతో పూడిక తీయించవచ్చు కదా" అని మిత్రులొకరన్నారు. న్యాయమైన ప్రశ్నే. ఒక పడవ ధరతో చెరువు పూడిక తీరదని లెక్క చెప్పి తప్పించుకోవచ్చు, కానీ అది జవాబు కాదు. నా జవాబు ఇది: పూడిక తీయాలంటే ముందు చెరువులోకి తొంగిచూసే మనిషి కావాలి. మావాడి ఈడు పిల్లలు చెరువు వైపు చూడటం మానేసి చాలా కాలమయింది. ఆట వారిని కట్ట ఎక్కించింది. 1898లో నికోలా టెస్లా న్యూయార్కులో తీగ లేకుండా నడిపి చూపించినదీ ఒక చిన్న పడవే. అది చూసినవారికీ బొమ్మలాగానే కనిపించి ఉంటుంది. బొమ్మ ఎంతదూరం పోతుందో బొమ్మను చూసి చెప్పలేము.

పడవ ఎలా పోయిందని అడుగుతారేమో. బ్రహ్మాండంగా పోయింది. వేగం అందుకున్నాక పంకా సగం నీటిపైనే తిరుగుతూ, వెనుక నెమలిపింఛంలా నీటిని విరజిమ్మింది. ఊరు ఊరంతా కట్ట మీద చేరింది. మొదట వేళాకోళమాడిన పెద్దాయన, పక్కనుంచి వచ్చే ఆ సన్నని ధారను రెప్పవేయకుండా చూస్తూ, "ఆగిండాది, ఆపప్పా, ఆపు!" అని అందరికంటే ముందు కేక వేశాడు. గొట్టంలో నాచు చిక్కుకుంది. ఆ రోజు మోటారును కాపాడింది ఆయనే.

ఈ ఏడు చెరువులో నీళ్లు లేవు. పడవ అటక మీద ఉంది. మొన్న మావాడు సెలవులకు వచ్చినప్పుడు దాన్ని దించి, తుడిచి, షాఫ్టుకు గ్రీజు పూసి, "మామా, జీడిపల్లి పోదామా?" అన్నాడు. మళ్లీ దుప్పటి చుట్టి కారెక్కించాము. ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి అని సామెత. మా సీమలో ఓడ ఎక్కువ కాలం బండి మీదే ఉంటుంది. దించే చోటికి పోయాక ఆ నీళ్లను మొదట ఏమి అడగాలో మాత్రం మాకిప్పుడు తెలుసు.