పెద్దల గోడు ఎవరు వినవలెను?

వృద్ధులైన తల్లిదండ్రులను పోషించుట మన ఇండ్లలో ఒకరు చెప్పవలసిన ధర్మము కాదని మనమింతకాలము నమ్మియుంటిమి. ఆ నమ్మకము పూర్తిగా వమ్ము కాలేదు. కాని పెద్దలు కన్నీరు మ్రింగుకొని బ్రదుకుచున్న ఇండ్లును మన నడుమ నున్నవి. అది ఎరిగియు “పరుల ఇంటి గుట్టు మనకేల” యని ఊరకుండుట మనకు తగదు.

బాధించుట యనగా కొట్టుట యొక్కటియే కాదు. వేళకు ముద్ద పెట్టకుండుట, మందు కొని ఇయ్యకుండుట, చుట్టములతో మాటలాడనీయకుండుట, “ఇంకెన్నాళ్లు” అని దెప్పుట – ఇవన్నియు హింసయే. వీనిలో సొమ్ము లాగుకొనుట మిక్కిలి చాటుగా జరుగును. అంగడిలో కూర్చుండు మావంటి వర్తకులకు దాని ఆనవాళ్లు త్వరగా తోచును. ఏండ్ల తరబడి తన లెక్క తానే చూచుకొనిన ముసలమ్మ పావుకిలో చక్కెరకును కొడుకు ముఖము చూచును. ఆమెను పలుకరించిన అతడు బదులు చెప్పును. దెబ్బ ఎట్లు తగిలెనని అడిగిన ప్రతిసారియు “జారి పడితిని” అనునదే మాట. ఒక్క గుర్తును బట్టి ఎవరిని దోషిగా తీర్మానింపరాదు. పేదరికము వేరు, నిర్దయ వేరు. గుర్తులు కొన్ని కూడివచ్చినప్పుడు మాత్రము ఆ పెద్దను ఒంటరిగా పలుకరింపవలెను.

మన తాలూకాలో దీనికి మరియొక ముఖము కలదు. తిరుమణి ప్రాంతమున సుమారు 13,000 ఎకరములు సౌర విద్యుత్ పార్కునకు గుత్తకు పోయినవి. ఎకరమునకు ఏటికి 21,000 రూపాయలతో ఆరంభమైన ఆ గుత్త, కరవు సీమకు గొప్ప ఆసరాయే. కాని పహణిలో పేరు తండ్రిదియు, బ్యాంకు కార్డు కొడుకు చేతిలోను ఉన్న యెడల, తండ్రికి ఎంత ముట్టుచున్నదని అడుగువారెవరు?

2007లో పార్లమెంటు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టమును చేసినది. తమ సంపాదనతోను ఆస్తితోను జీవింపలేని తల్లిదండ్రులు బిడ్డల నుండియు, వయసు వచ్చిన మనుమల నుండియు పోషణ కోరవచ్చును. విచారించు ట్రిబ్యునలునకు ఉపవిభాగపు అసిస్టెంటు కమిషనరు అధ్యక్షులు. మనది మధుగిరి ఉపవిభాగము. వకీలును పెట్టుకొన నక్కరలేదు. సంరక్షింపవలసిన పెద్దలను విడిచిపెట్టిపోవుట 3 మాసముల వరకు శిక్షకు తగిన నేరము.

ఆస్తి విషయమున చట్టములోని 23వ సెక్షను ముఖ్యమైనది. చూచుకొందుమను షరతుపై ఆస్తి పొంది చూడనివారి దానపత్రమును రద్దు చేయింపవచ్చును. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఒక తల్లి కుమారునికి వ్రాసిన దానపత్రమును రద్దుచేసి, ఆస్తిని ఆమెకు ఇప్పించినది. అయితే అట్టి షరతు ఉండితీరవలెనని 2022లో అదే న్యాయస్థానము చెప్పియున్నది. గావున బిడ్డలకు వ్రాసి ఇచ్చువారు “నన్ను పోషింపవలెను” అను మాటను పత్రములోనే వ్రాయింపుడు. బిడ్డలపై అపనమ్మకముతో చెప్పుట లేదు. లెక్క వ్రాసికొన్నచోట తగవు తక్కువ.

చట్టమున్నంత మాత్రమున గోడు కచ్చేరికి చేరదు. అధికారి కన్నడమున అడుగును. మన పెద్దలకు సంతలో పనికివచ్చు కన్నడము వచ్చును గాని ఎదలోని బాధ తెలుగుననే పలుకును. అప్పుడు తర్జుమా చేయుటకు ముందుకు వచ్చువాడు ఆ కొడుకే! ప్రతివాదియే దుబాసి యైన తగవులో సత్యము వెలికివచ్చునా?

ఇచ్చటనే భాషాల్పసంఖ్యాకుల సంఘమునకు పని యున్నది. దేశమునగాని రాష్ట్రమునగాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను అధికారులకు విన్నపము చేసికొను హక్కును రాజ్యాంగపు 350వ అధికరణము ప్రతివారికి ఇచ్చినది. ఆ హక్కును మనము పాఠశాలల కొరకు తలచినంతగా ముసలివారి కొరకు తలచలేదు. పెద్దలు అశక్తులైనచో వారు అధికారమిచ్చిన వ్యక్తిగాని, నమోదైన స్వచ్ఛంద సంస్థగాని అర్జీ వేయవచ్చునని 2007 చట్టమే చెప్పుచున్నది.

కావున నా సూచన యిది. ఊరూర ఒక స్త్రీని, ఒక పురుషుని సంఘము ఎన్నుకొనవలెను. వారు ఆ ఇంటికి బంధువులు కారాదు. పెద్దల మాటను ఒంటరిగా విని, అర్జీని తెలుగునను కన్నడమునను వ్రాసి, విచారణనాడు తోడుగా పోయి తర్జుమా చేయవలెను. లేమిచేత పోషింపలేని ఇండ్లకు సంధ్యా సురక్షా పింఛనుకై నాడకచేరిలో అర్జీ పెట్టించవలెను. సలహాకు వృద్ధుల సహాయవాణి 14567, స్త్రీలకు 181, ప్రాణాపాయమున 112 సంఖ్యలను ప్రతి ఇంటి గోడపై వ్రాసియుంచవలెను.

“ఇందువలన కుటుంబముల పరువు పోవును” అని కొందరందురు. ముందు నచ్చచెప్పుటకే పోవుదము. రాజీకి చట్టములోను చోటున్నది. కాని తల్లి ఆకలితో నుండగా దాచిన పరువు ఎవరిది? రానున్న సర్వసభ్య సమావేశమున ఈ విషయము చర్చకు రావలెనని సభ్యులను కోరుచున్నాను.