ఇంజనీరింగు చదువు మిల్లు లోపలికి ఎప్పుడు వెళ్తుంది?

ప్లస్ టూ మార్కులు రాగానే మనలో చాలామంది ఇళ్ళల్లో ఒకటే చర్చ: తమ్ముడికి ఏ బ్రాంచి, చెల్లెలికి ఏ బ్రాంచి. తమ్ముడైతే మెకానికలా, ఎలక్ట్రికలా అని కాసేపు మాట్లాడతారు. చెల్లెలి విషయంలో మాట్లాడేదేం లేదు, కంప్యూటరే. "ఏసీ గదిలో కూర్చుని చేసే పని, ఆడపిల్లకి అదే మేలు" అని పెద్దమ్మ తేల్చేస్తుంది. తెలుగు శాఖ గోడపత్రికలో ఇంజనీరింగు గొడవ ఎందుకని మేడం అడగొచ్చు. తెలుగు కూడా వస్తుంది, కాస్త ఓపిక పట్టండి.

ఇంజనీరింగు చదువు మారాలని అందరూ అంటారు. అనేవాళ్ళు ఎక్కువగా సిలబస్ గురించే అంటారు. సిలబస్ మారుతూనే ఉంది. మారనిది వేరే ఉంది. నాలుగేళ్ళలో పిల్లలు నడుస్తున్న యంత్రం పక్కన నిలబడే రోజులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఇన్‌ప్లాంట్ ట్రైనింగ్ అని గుంపుగా పోతారు, ఒక చుట్టు తిరుగుతారు, సర్టిఫికెట్ తెచ్చి రికార్డులో అతికిస్తారు. అంతటితో సరి.

మనూళ్ళో ఇది మరీ విడ్డూరం. పి.ఎ.సి. రామసామి రాజా గారు 1936లో రాజపాళయం మిల్స్ పెట్టినప్పటి నించి ఇది నూలు ఊరు. చత్రపట్టి వైపు పోతే ఆస్పత్రి కట్లకి వాడే గుడ్డ నేసే మగ్గాల చప్పుడు రోడ్డు మీదికి వినిపిస్తుంది. 1963 నించి పాలిటెక్నిక్ ఉంది, 2013 నించి ఇంజనీరింగు కాలేజీ ఉంది. ఇన్ని యంత్రాలున్న ఊళ్ళో మెకానికల్ చదివిన పిల్ల కదురు తిరగడం దగ్గర్నించి చూడకుండానే పట్టా తెచ్చుకోవచ్చు.

ఈ గొడవ కొత్తది కాదు. మనలాగే ఇంట్లో తెలుగు మాట్లాడే తమిళనాటి మనిషి ఒకాయన ఎప్పుడో లేవనెత్తారు. జి.డి. నాయుడు గారు. బడిచదువు పెద్దగా లేదు. హోటల్లో పనిచేసి, డబ్బు కూడబెట్టి, మోటారు సైకిల్ కొని, దాన్ని ఊడదీసి మళ్ళీ బిగించి యంత్రం నేర్చుకున్న మనిషి. 1945లో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరున సాంకేతిక విద్యాసంస్థ మొదలైతే దానికి తొలి ప్రిన్సిపాల్ అయ్యారు. నాలుగేళ్ళ కోర్సు పిల్లల కాలం వృథా చేస్తోంది, రెండేళ్ళు చాలన్నారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన రాజీనామా చేసి వెళ్ళిపోయారు.

ఆయన చూసిన జబ్బు నిజమే, చెప్పిన మందుతోనే నాకు పేచీ. రెండేళ్ళయితే ఫీజు సగమవుతుంది, అప్పు చేసి చదివించే ఇంటికి అది చిన్న విషయం కాదు. కానీ గణితం తొందరపెడితే రాదు. ఆయన మోటారు సైకిల్ విప్పి నేర్చుకున్నారంటే, అందరికీ ఆ బుర్ర ఉండొద్దూ! అదే కోయంబత్తూరులో పి.ఎస్.జి. టెక్ వాళ్ళు ఇంకో దారి పట్టారు. వాళ్ళదీ తెలుగు నాయుళ్ళ కుటుంబం పెట్టిన ధర్మసంస్థే. అక్కడ శాండ్‌విచ్ కోర్సని ఉంది. చదువూ ఫ్యాక్టరీ పనీ కలిపి ఐదేళ్ళు. మోటార్లు, పంపులు తయారుచేసే సొంత కార్ఖానా కూడా వాళ్ళకుంది. కాలం తగ్గించలేదు, ఆ కాలంలో పిల్లలు ఎక్కడుంటారన్నది మార్చారు. నా ఓటు దీనికే.

"మగపిల్లలకి సరే, ఆడపిల్లల్ని ఎలా పంపుతాం?" అనే ప్రశ్న వెంటనే వస్తుంది. దీనికి జవాబు ఎనభై ఏళ్ళ కిందటే ఉంది. అయ్యలసోమయాజుల లలిత గారు తెలుగింటి ఆడపడుచు, మద్రాసులో పుట్టారు. పద్ధెనిమిదో ఏట భర్త పోయారు, చేతిలో నెలల పాప. 1940లో గిండీ ఇంజనీరింగు కాలేజీలో ఎలక్ట్రికల్‌లో చేరారు. నాన్నగారు పప్పు సుబ్బారావు గారు అక్కడే ప్రొఫెసరు కావడం కలిసొచ్చింది, అది దాచాల్సింది కాదు. కానీ చదువుతో ఆగలేదు. బీహారులోని జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఏడాదిపాటు అప్రెంటిస్‌గా పనిచేశారు. ఆ రోజుల్లో, ఇంటికి అంత దూరంలో, ఆ ఇంజన్ల మధ్య! తరవాత భాక్రా నంగల్ ప్రాజెక్టు విద్యుత్ పనుల్లో పాలుపంచుకున్నారు. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మహిళా ఇంజనీర్ల అంతర్జాతీయ సదస్సుకి వెళ్ళారు. ఈ కథలో అందరూ న్యూయార్క్ గురించే చెప్తారు. నాకు మాత్రం జమాల్‌పూరే ముఖ్యం.

ఇంకో సంగతి. ఆడపిల్లలు మిల్లులోకి వెళ్ళకూడదని మనం అంటున్నాం గానీ, ఇప్పుడు మిల్లు నడుపుతున్నది ఎవరు? తెగిన పోగు అతుకుతూ రింగ్ ఫ్రేముల మధ్య నడిచేవాళ్ళలో చాలామంది మన వయసు ఆడపిల్లలే. ఫ్యాక్టరీల చట్టంలో ఆడవాళ్ళకి రాత్రి పని కూడదని ఉన్న నిబంధనను మద్రాసు హైకోర్టు 2000లో కొట్టేసింది. రాత్రి షిఫ్టుకి వాళ్ళ బస్సు వెళ్ళడం మనం చూస్తూనే ఉంటాం. బీదింటి పిల్ల యంత్రం దగ్గర నిలబడొచ్చు, ఫీజు కట్టి చదివిన పిల్ల నిలబడకూడదు. ఇది భద్రత గురించిన మాట కాదు, పరువు గురించిన మాట.

భద్రత గురించి నిజంగా మాట్లాడితే భయపడాల్సింది వేరే ఉంది. తమిళనాడు మిల్లుల్లో సుమంగళి అనే పద్ధతి నడిచింది. అప్రెంటిస్ పేరు పెట్టి, తక్కువ కూలికి మూడేళ్ళు పనిచేయించుకుని, చివర్న పెళ్ళికని ఒక మొత్తం ఇస్తామనేవాళ్ళు. శిక్షణ అనే మాట చాటున చౌక కూలీని ఎలా పెట్టుకుంటారో దానితో తెలిసిపోయింది. కాబట్టి ఇంజనీరింగు పిల్లల్ని పంపితే భత్యం ఎంతో, గంటలు ఎన్నో, దెబ్బ తగిలితే ఎవరు పూచీయో ముందే కాగితం మీద ఉండాలి. అలా ఉండి, మూడో ఏడాది ఒక సెమిస్టరు పూర్తిగా మిల్లులోనే గడవాలని నా కోరిక. రోజూ షిఫ్టు, వారానికొకసారి కాలేజీ. మార్కులు మాత్రం రిపోర్టు లావుని బట్టి వెయ్యకూడదు. యంత్రంలో ఒక లోపం కనిపెట్టి, అదెందుకు వస్తోందో ఆ యంత్రం నడిపే అక్కకి అర్థమయ్యేలా చెప్పాలి. ఆవిడకి అర్థమైతేనే మార్కు.

ఇక్కడే తెలుగు వస్తుంది. ఆ అక్కకి ఏ భాషలో చెప్పాలి? మనూళ్ళో తమిళం, తెలుగు రెండూ కలిసిపోతాయి. ఏకు, కదురు, కండె, పడుగు, పేక ఇవన్నీ అవ్వల నోట ఉన్న మాటలే. ఇంజనీరింగు పుస్తకంలో అవే సంగతులు ఇంగ్లీషులో చదివి, అవి వేరే అనుకుని బట్టీ పడుతున్నారు. మిల్లు పనికి మన ఇళ్ళల్లో వాడే మాటలు పోగుచేసే పని మన శాఖ చెయ్యగలదు, ఇంజనీరింగు కాలేజీ వాళ్ళు చెయ్యలేరు. మీ అమ్మో, అత్తో, పక్కింటి అక్కో మిల్లుకి వెళ్తుంటే వాళ్ళనడిగి, పది మాటలు చాలు, ఒక చీటీ మీద రాసి ఈ గోడ పక్కనున్న పెట్టెలో వెయ్యండి. ఎవరు చెప్పారో, ఏ పనిలో వాడతారో కూడా రాయండి.