జవాబు చెప్పని కుర్చీ

కర్నూలు జిల్లా పడమటి వైపు తిరిగే ప్రైవేటు బస్సులు ఒక ముఖ్యమంత్రి చేత రాజీనామా చేయించాయి. 1964 నాటి సంగతి. ఆ రూట్లను ఆర్టీసీ తన చేతిలోకి తీసుకోవాలనుకుంది. బస్సులు జాతీయం చేయవచ్చా అన్నది కాదు అసలు ప్రశ్న. ఏ జిల్లా ముందు, ఏ జిల్లా వెనక అన్న వరస ఎందుకు మారిందన్నదే తగాదా. ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డికి రాజకీయంగా గిట్టనివాళ్లం కాబట్టే మా రూట్ల మీద ముందు చెయ్యి వేశారని ఆ బస్సుల యజమానులు సుప్రీంకోర్టుకెక్కారు.

అంత పెద్ద ఆరోపణ వచ్చినప్పుడు ముఖ్యమంత్రి ఒక అఫిడవిట్ వేసి, ‘ఇది అబద్ధం, నా కారణం ఇదీ’ అని చెప్పుకోవచ్చు. ఆయన చెప్పలేదు. ఆ చెప్పకపోవడాన్నే కోర్టు లెక్కలోకి తీసుకుంది. జనవరి 28న ఆ జాతీయీకరణ స్కీమును కొట్టేసింది. ఫిబ్రవరిలో సంజీవరెడ్డి కుర్చీ దిగిపోయారు. అసెంబ్లీలో అవిశ్వాసం పెట్టినవాళ్లు లేరు, ఓట్లు లెక్కపెట్టినవాళ్లు లేరు. ఆ తర్వాత ఆయన లోక్‌సభ స్పీకరయ్యారు, రాష్ట్రపతీ అయ్యారు. 1967లో స్పీకర్ కుర్చీ ఎక్కగానే పార్టీ సభ్యత్వం వదులుకున్నారు. కర్నూలు బస్సులు నేర్పిన పాఠమేనా అది? నేనైతే అలాగే అనుకుంటాను.

ఇదంతా ఇప్పుడెందుకంటే, 2025లో ఢిల్లీ హైకోర్టు జడ్జి ఇంటి ఆవరణలో కాలిన నోట్ల కట్టల గొడవ మొదలైనప్పటి నుంచి కోనసీమలోని మా నగరం ఊళ్లో టీ కొట్టు దగ్గర ‘అభిశంసన’ అన్న మాట నలుగుతోంది. “అవిశ్వాసం తెలుసండీ, ఈ అభిశంసన ఏంటండీ మాస్టారూ?” అని ఒకాయన అడిగారు. మంచి ప్రశ్న. అవిశ్వాసం అంటే ‘నువ్వంటే మాకు నమ్మకం లేదు, దిగు’ అనడం. కారణం చెప్పక్కర్లేదు, లెక్క సరిపోతే చాలు. అభిశంసన అలా కాదు. ఫలానా తప్పు చేశావు అని రాసి ముందుపెట్టాలి, విచారించాలి, అతను చెప్పుకునేది వినాలి, ఆ తర్వాతే ఓటు. మన రాజ్యాంగంలో రాష్ట్రపతికి, పెద్ద కోర్టుల జడ్జీలకు ఈ దారి ఉంది. జడ్జిని తీసేయాలంటే లోక్‌సభలో 100 మందో, రాజ్యసభలో 50 మందో సంతకం పెట్టాలి, ముగ్గురి కమిటీ విచారించాలి, రెండు సభల్లోనూ మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి.

విచారణ పూర్తయి, తప్పు తేలాక కూడా ఏమవుతుందో 1993 మే 11న చూశాం. జస్టిస్ వి. రామస్వామి మీద 14 ఆరోపణల్లో 11 నిజమని కమిటీ తేల్చింది. లోక్‌సభలో తీర్మానానికి అనుకూలంగా 196 మంది ఓటేశారు. వ్యతిరేకంగా ఒక్కరూ లేరు. ఒక్కరూ! కానీ 205 మంది కాంగ్రెస్, దాని మిత్రపక్షాల సభ్యులు సభలోనే కూర్చుని ఓటు వేయలేదు. తీర్మానం వీగిపోయింది. అప్పుడు ప్రధాని మన పి.వి. నరసింహారావు, నంద్యాల నుంచి ఎన్నికైన మనిషి. తప్పు చేయలేదని ఆ 205 మంది వ్యతిరేకంగా ఓటేసి ఉంటే ఆ మాటతో వాదులాడేవాళ్లం. ఏ ఓటూ వేయకుండా కూర్చున్నవాడితో ఏం వాదిస్తాం? రాజ్యాంగం వచ్చిన 75 ఏళ్లలో ఒక్క జడ్జి కూడా ఈ దారిన చివరిదాకా వెళ్లి పదవి పోగొట్టుకోలేదు.

గవర్నరుకైతే ఈ దారే లేదు. ఆయన రాష్ట్రపతికి ఇష్టమైనంత కాలం ఉంటారు, అంతే. 1984 ఆగస్టులో గవర్నర్ రాంలాల్ చేసింది తెలుగువాడు మరిచిపోయేది కాదు. అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చిన ముఖ్యమంత్రి ఎన్టీఆర్, తన వెనక ఎమ్మెల్యేలున్నారు, సభలో తేల్చుకుంటానంటే ఆ మాట చెవినపెట్టకుండా బర్తరఫ్ చేసి, నాదెండ్ల భాస్కరరావుతో ప్రమాణం చేయించారు. జనం రోడ్ల మీదికొచ్చారు. రాంలాల్ పోయి శంకర్ దయాళ్ శర్మ వచ్చారు. సెప్టెంబరు 16న ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. అన్యాయం సరిదిద్దుకున్నాం, నిజమే. కానీ రాంలాల్‌ను ఏ సభా నిలబెట్టి ‘ఎందుకు చేశావు?’ అని అడగలేదు. మనిషిని మార్చారు, ప్రశ్న అలాగే ఉండిపోయింది.

పై నుంచి కిందికి, మా ఊరి పంచాయతీకి వస్తాను. మండలాధ్యక్షుడి మీద, ఉప సర్పంచ్ మీద అవిశ్వాసం పెట్టొచ్చు. సర్పంచ్ మీద కుదరదు, ఎందుకంటే ఆయన్ని వార్డు మెంబర్లు కాదు, ఊరే ఎన్నుకుంది. బాగుంది. మరి ఆ ఊరే తీసేయొచ్చా? లేదు. 1994 పంచాయతీరాజ్ చట్టం 249వ సెక్షన్ ప్రకారం, అధికారాన్ని దుర్వినియోగం చేశాడని తేలితే కలెక్టర్ తీసేస్తారు. షోకాజ్ నోటీసు కలెక్టరాఫీసు నుంచి వస్తుంది, సంజాయిషీ కలెక్టరాఫీసుకి పోతుంది. మా కలెక్టరాఫీసు 2022 దాకా కాకినాడ, ఇప్పుడు అమలాపురం. దూరం తగ్గింది గాని దారి మారలేదు. వీధిలైట్ల బిల్లులోనో, డ్రెయిన్ పనిలోనో డబ్బు పోయింది ఊరిది. ఆ సంజాయిషీలో ఏం రాశారో ఊరికి తెలియదు. నిజంగా తిన్నవాడు పై పలుకుబడితో కాగితాన్ని అణగదొక్కించుకోగలడు. అధికార పార్టీకి నచ్చనివాడు తినకపోయినా అదే కాగితానికి భయపడుతూ బతకాలి. రెండూ అధికార దుర్వినియోగాలే.

ఊరికి ఇంత పట్టింపు ఎందుకని అడిగేవాళ్లు మా నగరం ఒకసారి రావాలి. 2014 జూన్ 27 తెల్లవారుజామున ఇక్కడ గ్యాస్ పైపులైన్ పేలి 20 మందికి పైగా చనిపోయారు. ఇళ్లు, కొబ్బరి చెట్లు, నిద్రలో ఉన్న పిల్లలు. గ్యాస్ వాసన వస్తోందని ముందే చెప్పామని ఊరివాళ్లు అప్పుడు విలేకరులందరికీ చెప్పారు. చెప్పినప్పుడు పలికినవాళ్లు లేరు. పేలాక మంత్రులు వచ్చారు, పరిహారం వచ్చింది. డబ్బు కావాల్సిందే, కాదనను. కానీ బతికుండగా అడిగిన మాటకు పలకనివాళ్లు ఎంతమంది, వాళ్ల కుర్చీలు ఏమయ్యాయి అని ఈ ఊరు ఇంకా అడుగుతోంది.

ఈ కోనసీమ నుంచే జి.ఎం.సి. బాలయోగి వెళ్లారు. జిల్లా పరిషత్ చైర్మన్‌గా చేసి, అమలాపురం ఎంపీ అయి, 1998లో లోక్‌సభ స్పీకరైన తొలి దళితుడాయన. 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం 269–270తో, ఒక్క ఓటుతో పడిపోయింది. ఒడిశా ముఖ్యమంత్రి అయ్యాక కూడా ఎంపీ పదవి వదలని గిరిధర్ గమాంగ్ ఓటేయొచ్చా అన్నది ఆరోజు పెద్ద తగువు. ఆయన మనస్సాక్షికే వదిలేస్తున్నానన్నారు బాలయోగి. తప్పించుకున్నారని అన్నవాళ్లున్నారు. నేనలా అనను. గమాంగ్‌ను ఆపి ఉంటే లెక్క 269–269. అప్పుడు స్పీకర్ ఓటే తేల్చాలి. బాలయోగి పార్టీ తెలుగుదేశం ఆరోజు వాజపేయి పక్షం. ప్రభుత్వాన్ని నిలబెట్టే ఓటు తన చేతిలోకి వచ్చే దారి కళ్ల ముందుంది. ఆయన ఆ దారి పట్టలేదు. అంతటి అధికారం దొరికి కూడా సొంత పక్షానికి వాడుకోని మనిషి ఈ లంక ఊళ్ల నుంచి వెళ్లాడని చెప్పుకోవడం నాకు గర్వం.

అయితే ప్రతి కుర్చీలోనూ బాలయోగి కూర్చోరు. అందుకే చట్టం కావాలి. హర్యానా 2020లో సర్పంచ్‌ను వెనక్కి పిలిచే హక్కు ఊరి ఓటర్లకే ఇచ్చింది. మనం అంతదాకా వెళ్లేలోపు ఒక్క చిన్న పని చేయొచ్చు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టగలిగిన ప్రభుత్వమే మనది. సర్పంచ్‌కి షోకాజ్ నోటీసు ఇస్తే, ఆ నోటీసు, దానికి ఆయన రాసిన సంజాయిషీ, కలెక్టర్ ఇచ్చిన ఆర్డరు, మూడూ గ్రామసభలో మైకు పట్టుకుని చదవాలి. సర్పంచ్ అక్కడే నిలబడి ఊరి ప్రశ్నలు వినాలి. పైపులైన్ల నుంచి గ్యాస్ లీకవుతోందని ఊరు పెట్టుకున్న అర్జీలు ఏమయ్యాయో కూడా అదే మైకులో చెప్పాలి.