పురిటింటి తేనె

మొన్న మా వీధిలో ఒక నామకరణానికి వెళ్ళాను. కళ్యాణదుర్గంలో ఇటువంటి శుభకార్యాలకు విశ్రాంత తెలుగు పండితుణ్ణి పిలవడం ఇంకా మిగిలివున్న ఆనవాయితీ. పేరులో అక్షరదోషం లేకుండా చూడడానికి కాబోలు. పదకొండు రోజుల పసికందును ఒడిలో పెట్టుకుని, అవ్వ బంగారు ఉంగరాన్ని తేనెలో ముంచి నాలుకపై రాయబోతున్నది. నేను వద్దన్నాను. ఇంటిల్లిపాదీ నా వంక చూశారు. నాతోపాటు దశాబ్దాలు పాఠాలు చెప్పిన మిత్రుడొకరు "పండితునికి కూడా ఇంగ్లీషు గాలి సోకిందే!" అని అందరినీ నవ్వించాడు. "మా అమ్మ మా ఆరుగురికీ నాకించింది, చచ్చామా?" అని దానికొక అనుబంధం.

అక్కడ జవాబు చెప్పలేకపోయాను. విస్తళ్ళు వేసిన వేళ తర్కం నడవదు. ఇక్కడ చెబుతాను.

ముందుగా ఒక ఒప్పుకోలు. ఈ వాదంలో నేను తొలుత ఆ మిత్రుని పక్షమే. నా మనుమడు పుట్టినప్పుడు, నా పూర్వవిద్యార్థి ఒకడు ప్రేమతో తెచ్చిచ్చిన కొండతేనెను వెండిగిన్నెలో పోసుకుని పురిటింటికి నేనే బయలుదేరాను. కోడలు లేచి కూర్చుని, "ఏమనుకోవద్దు మామా, ఏడాది నిండేదాకా తేనె వద్దని డాక్టరమ్మ చెప్పింది" అన్నది. జాతకర్మను గురించి, మేధాజననాన్ని గురించి అరగంట ఉపన్యసించాను. "మన పూర్వులు వెర్రివాళ్ళా అమ్మా?" అని గద్దించాను కూడా. ఆ పిల్ల ఎదురు చెప్పలేదు. బిడ్డను మాత్రం ఇవ్వలేదు. రెండు దినాలు ఆమెతో మాట్లాడలేదు నేను. మూడవనాడు, ఆమె మాట తప్పని నిరూపించాలనే పంతంతో చదవడం మొదలుపెట్టాను.

చదివినదేమంటే: మట్టిలోనూ, దుమ్ములోనూ క్లాస్ట్రిడియం బొట్యులినమ్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉంటాయి. అవి తేనెలోకీ చేరగలవు. తేనెలో నీరు అయిదవ వంతుకు మించదు గనుక అక్కడ మొలకెత్తలేవు, నిద్రాణంగా పడివుంటాయి. పెద్దవారి పేగులలో అప్పటికే స్థిరపడిన సూక్ష్మజీవులు వాటిని తలయెత్తనీయవు. ఏడాది నిండని బిడ్డ పేగులకు ఆ కాపుదల ఇంకా ఏర్పడివుండదు. అక్కడ అవి మొలకెత్తి విషాన్ని పుట్టిస్తాయి. ఆ విషం నరాలకూ కండరాలకూ నడుమ సంబంధాన్ని తెంచుతుంది. మొదట మలబద్ధం. తరువాత బిడ్డ పాలు గట్టిగా కుడవలేదు, ఏడుపు సన్నగిల్లుతుంది, రెప్పలు వాలిపోతాయి, మెడ నిలవదు. ముదిరితే ఊపిరి ఆడదు. శిశువులలో ఈ వ్యాధిని వేరుగా గుర్తించినది 1976లో, అమెరికాలోని కాలిఫోర్నియాలో. ఇది అరుదైన వ్యాధియే. సకాలంలో ఆసుపత్రికి చేరిన బిడ్డలలో అత్యధికులు కోలుకుంటారు. కాని వేడుక కోసం రాసే ఒక చుక్కకు ఆ అరుదైన ప్రమాదాన్నయినా ఎందుకు కొనితెచ్చుకోవాలి?

ఇక "మేము చచ్చామా?" అన్న ప్రశ్న. చచ్చినవాడు ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నామకరణాలకు రాడు కదా! మా తరంలో ఏ ఇంట చూసినా పురిట్లోనో, నెలల్లోనో పోయిన బిడ్డలు ఒకరిద్దరు ఉండేవారు. బాలగ్రహమన్నారు, పక్షిదోషమన్నారు, దిష్టి అన్నారు. వారు తేనె వల్లనే పోయారని నేననను. అలా అనడానికి నా దగ్గర ఆధారం లేదు. కారణమేమని అడిగినవారు లేరని మాత్రం అంటాను. బ్రతికినవారి సాక్ష్యం ఒక్కటే విని తీర్పు చెప్పే న్యాయస్థానం ఎక్కడైనా ఉన్నదా?

"అసలు సిసలైన తేనె అయితే ఏమీ కాదు" అనేవారు మరికొందరు. ఇది మరీ వింత. కల్తీకీ ఈ బీజాలకూ సంబంధమే లేదు. అడవినుండి అప్పుడే పిండి తెచ్చినదైనా సరే, ఆ బీజాలు ఉంటే ఉంటాయి. మరిగే నీటి వేడికి కూడా అవి చావవు కనుక, కాచి వడపోయడం వల్లనూ ప్రయోజనం లేదు.

పైగా ఆ అసలు సిసలు ఎక్కడిది? మాది కరువు నేల. వేప, కానుగ, చింత పూసినన్నాళ్ళు ఈగకు కూడు; తక్కిన కాలమంతా కనుచూపు మేర శనక్కాయ చేలు, అవీ వానొస్తేనే. అయినా ఏ నెలలో చూసినా బకెట్టులో పెరముక్కలు తేలేసుకుని వీధివీధికీ తేనె వస్తూనే ఉంటుంది! పైన తేలేది పెర, అడుగున ఉన్నది బెల్లపు పాకం. నేనే రెండుసార్లు కొన్నాను. నీళ్ళలో వేస్తే మునగాలనీ, వత్తి ముంచి వెలిగిస్తే మండాలనీ, చీమ పట్టకూడదనీ పరీక్షలు చెబుతారు. చిక్కటి పాకమూ మునుగుతుంది. చీమకు తీపి కావాలి, ధ్రువపత్రం కాదు. గడ్డకట్టిన తేనెను చక్కెర కలిసిందని పారబోసే అమాయకులూ ఉన్నారు. గ్లూకోజు ఎక్కువగా ఉన్న మంచి తేనె సహజంగానే గడ్డకడుతుంది. సీసాల తేనె సంగతి చెప్పనక్కరలేదు. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 13 బ్రాండ్ల తేనెను పరీక్షింపజేస్తే, జర్మనీలో చేసిన ఎన్ఎంఆర్ పరీక్షలో 10 తప్పాయని ప్రకటించింది. కంపెనీలు కాదన్నాయి. ప్రయోగశాలలోనే ఇంత తగవు ఉంటే, వత్తి వెలిగించి తేల్చేస్తామంటారా?

ఇంత మాత్రాన నన్ను తేనెకు శత్రువనుకోకండి. రెండు పనులకు దానిని మెచ్చుకుంటాను. ఏడాది దాటిన పిల్లలకు రాత్రిపూట దగ్గు వస్తే అరచెంచా తేనె ఉపశమనమిస్తుందని అధ్యయనాలు చెబుతున్నాయి. బ్రిటన్ వైద్యమార్గదర్శకాలు 2018లో దగ్గుకు దీనినే ముందు వాడి చూడమన్నాయి. కాలిన గాయాలపై తేనెకట్లు కట్టి షోలాపూర్ శస్త్రవైద్యుడు సుబ్రహ్మణ్యం 1991లో బ్రిటిష్ శస్త్రచికిత్సా పత్రికలో ఫలితాలు ప్రకటించారు. గాయాలకు ఆసుపత్రిలో వాడేది శుద్ధిచేసిన వైద్యపు తేనె. బకెట్టు తేనె పుండుపై పోయకండి. ఇక మధుమేహులకు మంచిదనడం ఒట్టి మాట. తేనెలో నూటికి ఎనభై పాళ్ళు చక్కెరలే.

ఆయుర్వేదమని గొంతు చించుకునేవారికి ఒక మాట. తేనెను వేడిచేయరాదని, వేడి పదార్థాలతో కలపరాదని చరకసంహితే నిషేధించింది. మీరు రోజూ ఉదయం వేడినీళ్ళలో తేనె కలుపుకుని తాగుతూ, పురిటింట మాత్రం శాస్త్రం వల్లిస్తారు. నచ్చిన శ్లోకాన్ని నెత్తిన పెట్టుకుని, నచ్చనిదాన్ని అటకెక్కించడం శాస్త్రప్రామాణ్యమా, జిహ్వాప్రామాణ్యమా?

సంప్రదాయం చెడకూడదంటే దారి లేకపోలేదు. నాలుగవనాడు నేను అదే వెండిగిన్నె పట్టుకుని మళ్ళీ పురిటింటికి వెళ్ళాను. ఉంగరం తేనెలో ముంచి కోడలి నాలుకకు రాశాను. మంత్రం బిడ్డ చెవిలో చెప్పాను. ఆమె నవ్వింది. తప్పు నాదని నోటితో చెప్పడానికి మాత్రం మరో నెల పట్టింది; పండితుణ్ణి కదా.

మొన్నటి నామకరణంలో ఆ అవ్వ ఉంగరం కిందపెట్టి, "మరి ఎవరికి రాయాలి?" అని అడిగింది. తల్లికి రాయమన్నాను. రాసింది. మిత్రుడు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఆయన మనుమరాలికి వచ్చే నెలలో పురుడు. ఈ వ్యాసం అచ్చుతీసి ఆ పిల్లకే ఇవ్వబోతున్నాను, తాతకు కాదు.